విశాఖలో పాత పద్ధతి గడ్డం: సబ్బు, బ్రష్షు, రేజరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఆఫీసు క్యాంటీన్లో, ఒకసారి పెళ్ళి భోజనాల బంతిలో కూడా నన్ను ఈ ప్రశ్నలు అడిగారు. పక్క విస్తరి ఆయన గారె చేత్తో పట్టుకుని నా చెంప వైపు చూస్తూ "ఏ బ్లేడండీ?" అన్నాడు. నేను ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఎనిమిదేళ్ళుగా సబ్బులు, బ్రష్షులు, రేజర్లు మార్చి మార్చి చూస్తున్నాను. వ్యాపారిని కాను, డాక్టర్ని కాను. నా ముఖం మీద, మన ఊరి నీళ్ళతో, మన ఊరి ఉక్కపోతలో నేర్చుకున్నది రాస్తున్నాను.

పాత పద్ధతి అంటే మంగలి కత్తి పట్టుకోవాలా?

అక్కర్లేదు. చాలామంది ఈ భయంతోనే ఆగిపోతారు. మన నాన్నలు, తాతలు వాడిన రెండు వైపుల బ్లేడు రేజరు, ఒక బ్రష్షు, ఒక సబ్బు లేదా క్రీము, అంతే. ఈ రేజర్ని అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ 1903లో అమ్మకానికి పెట్టాడు, 1904లో పేటెంట్ వచ్చింది. నూట ఇరవై ఏళ్ళు దాటినా బ్లేడు కొలతలు పెద్దగా మారలేదు కాబట్టి ఏ దేశం బ్లేడైనా దాదాపు ఏ రేజర్లోనైనా పడుతుంది. ఈ సరదాకి పునాది అదే.

కత్తి వేరే లోకం. దానికి సాన, తోలు పట్టీ, ఓపిక, గట్టి గుండె కావాలి. నేను రెండు నెలలు ప్రయత్నించి బీరువాలో పెట్టేశాను.

డబ్బు ఆదా అవుతుందా?

బ్లేడు వరకు అవుతుంది. ఊళ్ళో కిరాణా కొట్టులో దొరికే బ్లేడు ఐదు రూపాయల లోపే, మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి ఒక్కటే వంద రూపాయల పైమాట. కానీ ఒక బ్రష్షుతో, ఒక సబ్బుతో ఆగే మనిషైతేనే ఈ లెక్క. నా బాత్రూమ్ అలమారలో ప్రస్తుతం పదకొండు సబ్బులున్నాయి. మా ఆవిడ ముందు ఆదా అనే మాట ఎత్తను.

మొదట ఏం కొనాలి?

మెత్తగా గీసే రేజరు ఒకటి, సింథటిక్ బ్రష్షు ఒకటి, షేవింగ్ క్రీము ట్యూబు లేదా గుండ్రటి సబ్బు బిళ్ళ ఒకటి, రెండు మూడు రకాల బ్లేడ్లు. పూర్ణా మార్కెట్ వైపు ఫ్యాన్సీ కొట్లలో, సెలూన్లకి సరుకు వేసే కొట్లలో అడిగితే బ్లేడ్లు, మామూలు బ్రష్షు, గోద్రెజ్ లాంటి సబ్బు దొరుకుతాయి. మంచి రేజర్లు మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. ఒకసారి మరీ చవగ్గా వస్తున్నాయని విదేశీ బ్లేడ్లు వంద తెప్పించాను. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, గీస్తే పీకినట్టుంది. అప్పటినుంచి కొత్త చోట మొదట ఐదు బ్లేడ్ల పెట్టె ఒక్కటే కొంటున్నాను.

ఖరీదైన సబ్బు కొన్నాను, నురగ రావట్లేదు. సబ్బు నకిలీదా?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. పదిమందిలో ఎనిమిదిమందికి నా జవాబు ఒకటే: సబ్బుని కాదు, కుళాయిని అనుమానించండి.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. సబ్బు వాటితో కలిసి నీళ్ళలో కరగని తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున తెల్లగా పేరుకునేది అదే. సబ్బులో సగం ఆ తెట్టుకే ఖర్చయిపోతే నురగకి మిగిలేదెంత? మేఘాద్రిగడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాల నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్ళు సాధారణంగా ఇంత మొండిగా ఉండవు. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో రెండూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. వేసవిలో ట్యాంకులో బోరు వాటా పెరుగుతుంది. మార్చిలో బాగా నురిగిన సబ్బు మే నెలలో మొండికేసిందని మా కింది ఫ్లాట్ ఆయన సబ్బు పారేశాడు. పాపం, దాని తప్పేం లేదు.

పరీక్ష సులువు. ఒక గ్లాసు క్యాన్ వాటర్ గానీ ఆర్ఓ ఫిల్టర్ నీళ్ళు గానీ తీసుకుని, బ్రష్షు నానబెట్టడం దగ్గర్నుంచి నురగ చేయడం దాకా ఆ నీళ్ళే వాడండి. నురగ లేచిందా, సమస్య తేలిపోయింది. ముఖం కడుక్కోవడానికి కుళాయి నీళ్ళు చాలు, నురగకి మాత్రం రోజూ అర గ్లాసు మంచినీళ్ళు. నేను ఇలా మొదలుపెట్టాక, అంతకు ముందు "బాగోలేదు" అని పక్కన పెట్టిన సబ్బులు మూడు మళ్ళీ అలమారలోకి వచ్చాయి.

నురగ సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

పిండి లెక్క చెప్తాను. గారెల పిండిలా ముద్దగా ఉంటే నీళ్ళు చాలలేదు, రేజరు ఈడ్చుకుంటూ పోతుంది. మజ్జిగ మీద బుడగల్లా ఉంటే నీళ్ళు ఎక్కువ, సబ్బు తక్కువ, రెండు నిమిషాల్లో ముఖం మీదే ఆరిపోతుంది. బాగా పులిసిన ఇడ్లీ పిండి కన్నా కొంచెం పల్చగా, పైన మెరుపుతో, కంటికి బుడగలు కనపడకుండా ఉండాలి.

తడి బ్రష్షుని సబ్బు మీద ముప్ఫై సెకన్లయినా తిప్పండి. మనవాళ్ళు ఐదు సెకన్లు రాసి వదిలేస్తారు, పొదుపు అలవాటు. తరవాత గిన్నెలో గానీ నేరుగా ముఖం మీద గానీ తిప్పుతూ, నాలుగైదు చుక్కల చొప్పున నీళ్ళు కలుపుతూ పోండి. ఎత్తుగా లేచే నురగ అందం మాత్రమే. జారుడు గుణం ముఖ్యం, వేళ్ళ మధ్య రాసి చూస్తే తెలుస్తుంది.

స్నానం సబ్బుతో గీసుకుంటే ఏమవుతుంది?

ఏమీ కాదు, బాగోదు అంతే. స్నానం సబ్బు ఎక్కువగా సోడియం సబ్బు, నురగ త్వరగా చస్తుంది. షేవింగ్ సబ్బులో పొటాషియం సబ్బు వాటా, స్టియరిక్ అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ. అందుకే నురగ మెత్తగా, చిక్కగా నిలబడుతుంది. క్రీములో పొటాషియం ఇంకా ఎక్కువ, కాబట్టి కొత్తవాళ్ళకి క్రీము సులువు. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే ఫోమ్ గురించి నన్ను అడగకండి.

ఏ బ్రష్షు మంచిది? పంది వెంట్రుకలా, బ్యాడ్జరా, సింథటిక్కా?

విశాఖలో ఉంటే సింథటిక్. ఇది రుచి కన్నా వాతావరణానికి సంబంధించిన సలహా.

పంది వెంట్రుకల బ్రష్షు గట్టిగా ఉంటుంది, గట్టి సబ్బు బిళ్ళని బాగా తవ్వి తీస్తుంది. వాడే ముందు రెండు మూడు నిమిషాలు నానాలి. మొదట్లో గుచ్చుకుంటుంది, పచ్చి వాసన వేస్తుంది. పది పదిహేను సార్లు వాడాక వెంట్రుకల కొసలు చీలి మెత్తబడతాయి. అప్పటిదాకా ఓపిక పట్టినవాళ్ళు దాన్ని వదలరు. ఇటలీ ఒమేగా, పోర్చుగల్ సెమోగ్ ఇందులో పేరున్నవి. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్షు మెత్తగా ఉంటుంది, నీళ్ళు బాగా పట్టుకుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. ఆ వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచి వస్తాయి. జంతువు వెంట్రుకలు వద్దనుకునేవాళ్ళకి ఈ రెండూ కుదరవు, మతాచారం వల్ల పంది వెంట్రుకలు తగలకూడనివాళ్ళకి మొదటిది కుదరదు.

అసలు తంటా ఆరబెట్టడం. మనకి జూన్ నుంచి అక్టోబరు దాకా గోడకి వేలాడదీసిన తువ్వాలే ఆరదు. సహజ వెంట్రుకల బ్రష్షు కుదురులో తడి నిలిచిపోయి ముక్క వాసన పడుతుంది, బూజు పడుతుంది, ఆపైన వెంట్రుకలు రాలతాయి. 2019 వానాకాలంలో నా బ్యాడ్జర్ ఒకటి అలాగే పోయింది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది నేనే, ఎవర్నీ అనలేను. బ్రష్షుని బాగా కడిగి, గట్టిగా విదిలించి, తువ్వాలుకి రాసి, బాత్రూమ్‌లో కాకుండా గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టండి. ఎండలో మాత్రం వద్దు. సింథటిక్ అయితే నానబెట్టక్కర్లేదు, గంటల్లో ఆరుతుంది. ఇప్పటివి పాత నైలాను బ్రష్షుల్లా గరుగ్గా కూడా లేవు.

సబ్బులో గొడ్డు కొవ్వు ఉంటుందా?

కొన్ని విదేశీ సబ్బుల్లో జంతువుల కొవ్వు ఉంటుంది, ముఖ్యంగా పాత రకం యూరప్ సబ్బుల్లో. లేబుల్ మీద సోడియం ట్యాలోవేట్, పొటాషియం ట్యాలోవేట్ అని ఉంటే అది జంతువు కొవ్వే, ఎక్కువగా పశువులది. టర్కీ అర్కో అనే పుల్ల ఆకారపు సబ్బు అలాంటిదే. నురగ విషయంలో ఈ కొవ్వు సబ్బులకి మంచి పేరుంది, కాదనను. కానీ మా అమ్మ పూజ గది పక్కనే మా బాత్రూమ్. ఒకసారి లేబుల్ చదివాక అలాంటిది తెప్పించలేదు. కొబ్బరినూనె, పామాయిల్, షియా బటర్‌తో చేసినవి బోలెడున్నాయి. లానోలిన్ అని ఉంటే అది గొర్రె ఉన్ని మీది జిడ్డు. స్టియరిక్ ఆమ్లం మొక్కల నుంచీ వస్తుంది, జంతువుల నుంచీ వస్తుంది. పట్టింపు ఉన్నవాళ్ళు శాకాహార గుర్తు చూసి కొనుక్కోవడం మేలు.

మీకు నచ్చిన సబ్బు ఏది?

వేసవికి ఇటలీ ప్రొరాసో పచ్చ రంగుది. అందులో మెంథాల్, యూకలిప్టస్ ఉంటాయి. మెంథాల్ చర్మాన్ని నిజంగా చల్లబరచదు, చల్లదనం తెలిపే నరాలని తట్టి అలా అనిపిస్తుంది. మే నెలలో పొద్దున్న ఏడింటికే చెమట కారే ఊళ్ళో ఆ మాయ చాలు. మిగతా రోజుల్లో చందనం వాసనవి. సింహాచలం అప్పన్న ఊళ్ళో చందనం నచ్చకపోతే ఎలా? కాకపోతే "శాండల్‌వుడ్" అని రాసి ఉన్నవాటిలో చాలావాటికి అసలు గంధం వాసన రాదు, సెంటు కొట్టు వాసన వస్తుంది. ముప్ఫై రూపాయల సబ్బుకీ మూడు వేల సబ్బుకీ వాసనలో ఉన్నంత తేడా గీతలో ఉండదని నా అభిప్రాయం. కోపం వచ్చేవాళ్ళకి రావచ్చు.

ఏ రేజరు కొనాలి? మెత్తనిదా, పదునైనదా?

రేజర్లో పదును ఉండదు, అది బ్లేడుది. రేజరు తల బ్లేడుని ఎంత బయటికి చూపిస్తుందో, ఎంత సందు వదులుతుందో దాన్ని బట్టి మెత్తన, దుడుకు అంటాం. జర్మనీ మెర్కుర్ 34సి, మ్యూలె ఆర్89, ఇంగ్లండ్ ఎడ్విన్ జాగర్ డీఈ89 మెత్తనివి. మ్యూలె ఆర్41 దుడుకుది, వారం పెరిగిన గడ్డాన్ని ఒక్క గీతలో తీసేస్తుంది, పరధ్యానంగా ఉంటే చర్మాన్ని కూడా. మన దేశంలో తయారయ్యే పార్కర్, పెర్ల్ రేజర్లు ధరకి తగ్గట్టు బాగానే ఉంటాయి. మొదటి రేజరు ఎప్పుడూ మెత్తనిదే కొనండి.

ఒక జాగ్రత్త. చాలా రేజర్ల తలలు జింకు మిశ్రమం మీద క్రోమియం పూతతో వస్తాయి. పూత ఒకచోట లేచిందంటే లోపల తినేస్తుంది. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళకి ఉప్పుగాలి వల్ల ఇది త్వరగా వస్తుంది. వాడిన ప్రతిసారీ తుడిచి పెట్టండి, లేదా డబ్బు పెట్టగలిగితే స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి.

బ్లేడు ఎన్నిసార్లు వాడొచ్చు?

మూడు నుంచి ఐదు సార్లు. లాగినట్టు అనిపించిన రోజే మార్చేయండి. ఇంత మెత్తని వెంట్రుక అంత గట్టి ఉక్కుని ఎలా మొండి చేస్తుందా అని నాకు ఎప్పుడూ సందేహమే. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని మైక్రోస్కోపు కింద చూశారు. బ్లేడు అరగడం ఒక్కటే కాదు, వెంట్రుక వంగినప్పుడు ఉక్కులో బలం సమంగా లేని చోట అంచు పెచ్చులు ఊడుతుందని తేల్చారు. గడ్డాన్ని బాగా తడిపితే వెంట్రుక మెత్తబడుతుంది, కొయ్యడానికి తక్కువ బలం చాలు. స్నానం తరవాత గీసుకోమనేది అందుకే.

బ్లేడు అంచుని తువ్వాలుతో తుడవకండి, నీళ్ళలో కడిగి విదిలిస్తే చాలు. ఏ బ్లేడు మంచిదంటే చెప్పలేను. జపాన్ ఫెదర్ చాలా పదును, నాకు పడదు, మా తమ్ముడికి అదే ప్రాణం. నాకు టోపాజ్ చాలు.

ఏది నాకు నప్పుతుందో ఎలా తేల్చుకోవాలి?

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. కొత్త సబ్బు, కొత్త బ్రష్షు, కొత్త బ్లేడు ఒకే పొద్దున మొదలుపెట్టి, ముఖం మండితే ఎవర్ని తిడతారు? సబ్బు, రేజరు అలాగే ఉంచి ముందు బ్లేడ్లు మార్చి చూడండి, ఒక్కో రకం రెండు బ్లేడ్లు అరిగేదాకా. బ్లేడు తేలాక సబ్బు, ఆ తరవాత బ్రష్షు. రేజరు ఆఖర్న. నేను పాల లెక్క రాసే క్యాలెండర్లోనే ఒక మూల గుర్తులు పెట్టుకునేవాణ్ణి. మెడ మండిన రోజులన్నీ చూస్తే సబ్బుతో సంబంధం లేదు, అన్నీ ఆఫీసుకి ఆలస్యమైన సోమవారాలు.

మెడ మీద ఎర్రగా దద్దుర్లు వస్తున్నాయి. ఏం చేయాలి?

ఒత్తడం మానండి. కార్ట్రిడ్జి అలవాటుతో అందరూ ఒత్తుతారు. రేజరు బరువే చాలు, పిడి కొసన పట్టుకుని చర్మానికి ముప్ఫై డిగ్రీల వాలులో పెట్టి జరపండి, గరగరమనే శబ్దం వినపడుతుంది.

రెండోది, వెంట్రుకల వాలు. నురగ లేనప్పుడు వేలితో రాసి చూడండి, చెంప మీద కిందికి పడుకుంటాయి, మెడ మీద చాలామందికి పక్కకో పైకో తిరుగుతాయి. మొదటి విడత వాలు వెంబడి. మళ్ళీ నురగ పూసి రెండో విడత అడ్డంగా. ఎదురు గీత నెల తరవాత, అదీ చర్మం ఒప్పుకుంటేనే. రింగుల గడ్డం ఉన్నవాళ్ళకి బాగా నున్నగా గీస్తే కొస చర్మంలోకే తిరిగి పెరిగి కురుపులవుతాయి. వాళ్ళు ఎదురు గీత పూర్తిగా మానేయాలి. చీము పట్టినా, వారంలో తగ్గకపోయినా చర్మం డాక్టరుకి చూపించండి.

పటిక చాలదా? ఆఫ్టర్‌షేవ్ కావాలా?

చాలు. తడి ముఖం మీద పటిక రాసి, నిమిషం ఆగి కడిగేయండి. చిన్న గాట్ల రక్తం ఆగుతుంది, ఎక్కడ ఎక్కువ గీకారో మంట పెట్టి మరీ చెప్తుంది.

మా నాన్నగారి పాత రేజరు దొరికింది. వాడొచ్చా?

తప్పకుండా. తల వంగకుండా, మరలు పట్టేలా ఉంటే చాలు. గిన్నెలు కడిగే లిక్విడ్ వేసిన గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. చింతపండు మాత్రం వద్దు. పాతవి చాలావరకు ఇత్తడి మీద నికెల్ పూత. మా నాన్నగారి రేజర్ని దేవుడి కుందుల్లా మెరిపిద్దామని చింతపండు, ఉప్పుతో పదిహేను నిమిషాలు తోమాను. పిడి మీద పూత సగం పోయింది. ఆయన చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

అయ్యప్ప మాల తీశాక అంత గడ్డాన్ని దీంతో తీయొచ్చా?

నేరుగా కుదరదు. 41 రోజుల గడ్డం బ్లేడు సందులో ఇరుక్కుని పీకుతుంది. ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో వీలైనంత పొట్టిగా చేయండి. తరవాత వేడినీళ్ళలో తడిపిన తువ్వాలు రెండు నిమిషాలు ముఖం మీద ఉంచి, కొత్త బ్లేడుతో, గీత గీతకీ రేజరు కడుగుతూ వాలు వెంబడి ఒక్క విడత గీయండి. దువ్వెన పళ్ళ అంచున్న రేజరుంటే ఇక్కడ బాగా పనికొస్తుంది. నెలన్నర బ్లేడు తగలని చర్మం కాబట్టి మొదటి రోజు నున్నగా రావాలని పట్టుబట్టకండి.

మంగళవారం, శుక్రవారం గీసుకోవచ్చా?

మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మా ఇంట్లో మంగళ, శుక్ర, శనివారాలు కత్తెర, బ్లేడు ముట్టం. వారానికి మూడు రోజుల సెలవు చర్మానికి బాగానే ఉంది.

ప్రయాణాల్లో?

విమానంలో బ్లేడు క్యాబిన్ బ్యాగులో పెడితే తీసేస్తారు, చెక్ఇన్ సామాన్లో వేయండి. రైల్లో ఎవరూ అడగరు, కానీ గోదావరి ఎక్స్‌ప్రెస్ కదులుతుండగా అద్దం ముందు నిలబడకండి.

స్నేహితులతో పంచుకుని ప్రయత్నించొచ్చా?

సబ్బు పంచుకోండి. కొత్త సబ్బుని కూరగాయల పీలర్‌తో పొరలుగా తీసి చిన్న డబ్బాలో నొక్కి ఇస్తే పది సార్లకి వస్తుంది. మేం నలుగురం అలాగే తిప్పుకుంటాం. వాడిన బ్లేడు ఎవరికీ ఇవ్వద్దు, తీసుకోవద్దు, హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా వస్తాయి. బ్రష్షు కూడా ఎవరిది వాళ్ళదే.

పాత బ్లేడ్లు ఎక్కడ పారేయాలి?

చెత్త సంచిలో విడిగా వేయకండి. పొద్దున్నే ఇంటింటికీ వచ్చే పారిశుధ్య కార్మికులు చేత్తోనే చెత్త వేరుచేస్తారు. మూత ఊడని రేకు డబ్బా ఒకటి తీసుకుని, పైన బ్లేడు పట్టేంత సన్న చీలిక చేసి అందులో వేస్తూ పోండి. నిండాక చీలికకి టేపు చుట్టి, పైన "బ్లేడ్లు" అని పెద్దక్షరాలతో తెలుగులో రాసి, బండి వచ్చినప్పుడు విడిగా చేతికివ్వండి, లోపల ఏముందో నోటితో కూడా చెప్పండి.